తెలుగు యూదుల పండుగలు, పుణ్యక్షేత్రములు



మా బొల్లాపల్లి నుండి కోటప్పకొండకు శివరాత్రి తిరునాళ్లకు పోవువారు ముందుగా పంచాంగము చూతురు. తిథి యెన్నడో, జాగరణ మే రాత్రియో తెలిసికొని పిదప బయలుదేరుదురు. పండుగకు తిథి, యాత్రకు త్రోవ. ఈ రెండును మనకు బాల్యము నుండి తెలిసినవే. ఇట్లే తిథి చూచి పండుగ చేసికొనుచు, యాత్రకు మాత్రము త్రోవ దొరకని తెలుగువారు కొందఱు మన గుంటూరు సీమలోనే కలరు. వారు యూదాచారమును పాటించువారు. వారిని గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేసెదను.

గుంటూరునకు ఆగ్నేయమున చేబ్రోలు కలదు. కోనేటి నడుమ వెలసిన చతుర్ముఖ బ్రహ్మేశ్వరాలయము వలన ఆ యూరు ప్రసిద్ధము. దాని చేరువనే కొత్తరెడ్డిపాలెము. అంతకుముందు క్రైస్తవులై యుండిన మాదిగ కుటుంబములు కొన్ని, 1980ల చివర, షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అను సోదరుల నాయకత్వమున యూదాచారమును చేపట్టినవి. 1991 ప్రాంతమున అచ్చట ప్రార్థనామందిరము వెలసినది. ఆ కుటుంబములు నలువది యేబది కంటె నెక్కువ లేవు. వారు తమ్ము 'బెనె ఎఫ్రాయిము', అనగా ఎఫ్రాయిము సంతతి, అని చెప్పుకొందురు. క్రీస్తునకు పూర్వము 722 ప్రాంతమున అష్షూరు రాజులు చెఱగొనిపోయిన ఇశ్రాయేలు గోత్రములలో తమ గోత్ర మొకటి యని వారి నమ్మకము. చరిత్రకారులు దీనిని ధ్రువపఱుపలేదు.

ఆ వాడలో నొక చిన్న సంసారమును మనస్సున నిలుపుకొనుడు. భార్యాభర్తలు, ఇరువురు బిడ్డలు. వారి యేడు ఎట్లు గడచునో చూతము.

వారి పంచాంగము మన పంచాంగమునకు దాయాదివంటిది. నెలలు చాంద్రమానమున నడచును. ఋతువులు తప్పకుండుటకై పందొమ్మిదేండ్లలో ఏడు అధికమాసములను చేర్చుదురు. మనకు దినము సూర్యోదయముతో మొదలగును, వారికి సూర్యాస్తమయముతో. కావున శుక్రవారము ప్రొద్దు గ్రుంకకమున్నే యిల్లాలు దీపములు వెలిగించును. అది మొదలు శనివారము రాత్రి చుక్కలు పొడుచువఱకు విశ్రాంతి దినము. ఆ సమయమున పనిచేయరాదు. దినకూలిపై బ్రతుకు నింట శనివారము పని మానుట యనగా ఆనాటి కూలిని వదలుకొనుటయే. ఈ నియమము మాట చెప్పినంత తేలిక కాదు.

పండుగలలో ముఖ్యమైనది పస్కా. ఇది తఱచుగా మన చైత్రపూర్ణిమకు వచ్చును. 2025వ సంవత్సరమున ఏప్రిల్ 12వ తేదీ సాయంకాలమున మొదలైనది; ఆనాడే మనకు చైత్రపూర్ణిమ. అధికమాస భేదముచే నొక్కొక్కయేట నెల తేడా వచ్చును. ఐగుప్తు దేశమున బానిసలైన తమ పూర్వులు విడుదల పొందిన రాత్రిని వారు పస్కానాడు స్మరింతురు. పిండి పులియుటకు కూడ వ్యవధి లేక బయలుదేరిరి గనుక పులియని రొట్టెయే భుజింతురు. బానిసతనపు చేదునకు గుర్తుగా చేదాకు, కన్నీటికి గుర్తుగా ఉప్పునీరు పళ్లెమున నుండును. మనము ఉగాదినాడు వేపపూవు నోట వేసికొని రానున్న యేటి కష్టసుఖములకు సిద్ధపడుదుము. వారి చేదు గడచిన దానిని మఱవకుండుటకు.

ఆ రాత్రి ఇంటిలో కడగొట్టు బిడ్డ లేచి, ఈ రాత్రి తక్కిన రాత్రులవలె లేకుండుటకు కారణమేమని తండ్రి నడుగును. తండ్రి దాస్యపు కథ చెప్పును. ఇది ప్రపంచమున నున్న యూదులందఱి యింటను జరుగునదే. కాని మాదిగవాడలో నీ ప్రశ్న యడిగిన బిడ్డకు ఆ కథ దూరదేశపు కథ కాదు. వెట్టిచాకిరి యననేమో ఆ యింటి పెద్దలకు ఫరో పేరు వినకమున్నే తెలియును.

శరత్కాలమున పర్ణశాలల పండుగ వచ్చును. నాడు ఎడారిలో గుడారములందు తిరిగిన కాలమును స్మరించుచు, పందిరివంటి పాకను వేసికొని ఏడు దినము లందు భుజింతురు. కప్పు ఆకులతో, కొమ్మలతో మాత్రమే వేయవలెను. రాత్రివేళ నక్షత్రములు కానవచ్చుట మేలు. మాదీఫలమును, ఖర్జూరపు మట్టను, మఱి రెండు విధముల కొమ్మలను చేతబట్టి ప్రార్థింతురు. బిడ్డల కిది మన కార్తిక వనభోజనమువలె ముచ్చట గొలుపును.

ఇక పుణ్యక్షేత్రము మాట. పూర్వము పస్కాకు, వారముల పండుగకు, పర్ణశాలల పండుగకు యూదులు యెరూషలేము దేవాలయమునకు యాత్ర పోవలసి యుండెను. క్రీ. శ. 70వ సంవత్సరమున రోమనులు ఆ యాలయమును ధ్వంసము చేసిరి. ఆలయప్రాంగణపు పడమటి ప్రాకారపు గోడయే నేడు వారికి దర్శనస్థానము. యాత్రికులు తమ కోరికలను కాగితములపై వ్రాసి ఆ గోడ సందులలో నుంతురు. ఆలయము పోగా పండుగ యింటికి చేరినది. భోజనపు బల్లయే బలిపీఠమునకు బదులైనది. కావుననే కొత్తరెడ్డిపాలెమున నున్న సంసారము యెరూషలేమును చూడకయే పండుగ నెఱవేర్పగలుగుచున్నది. అయినను పస్కా రాత్రి కడపట, వచ్చు నేడు యెరూషలేముననే యుందుము గాక యని కోరుకొందురు. ప్రార్థనకు పడమటి దిక్కుగా తిరుగుదురు.

ఆ కోరిక తీఱుట సులభము కాదు. మణిపురము, మిజోరములకు చెందిన 'బ్నె మెనాషె' వారిని 2005లో ఇశ్రాయేలు ప్రధానాచార్యులలో నొకరు ఇశ్రాయేలు సంతతిగా నంగీకరించిరి. వారిలో వేలమంది అచ్చటికి వలసపోయిరి. మన తెలుగువారికి సమాజముగా అట్టి యంగీకారము లభింపలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు 2013లో వీరిని గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. వీరి కథలో కులమును మతమును విడదీయుట యెంత కష్టమో దానివలన తెలియును.

వలసపోవుటకే యీ వేషమని యనువారు కలరు. నేనును మొదట నట్లే తలచితిని. తరువాత నాకొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. నా చిన్ననాట మా వైపున నొక పల్లెలో, గుడి వెలుపల నిలిచిన మాదిగ బాలుర దోసిళ్లలోనికి ప్రసాదమును ఎత్తునుండి విడుచుట చూచితిని. మదరాసు రాష్ట్రమున ఆలయప్రవేశ శాసనము 1947లోనే వచ్చినది. గడప మాత్రము కదలలేదు. నే నప్పుడు శబ్దమంజరి వల్లించుచుంటిని. అది తప్పని నాకు తోచలేదు.

చేరువనున్న గుడిలోనికి రానీయని వారమే, దూరపు క్షేత్రమును నీ వేల కోరెదవని యడుగుట న్యాయమా? వంశావళి నిర్ణయము ఆచార్యులది, చరిత్రకారులది. ఒక సంసారము తన కూలిని వదలుకొని దీపము పెట్టుకొనుచున్నది, తన బిడ్డకు విడుదల కథ చెప్పుకొనుచున్నది. అది యెంతటి నిష్ఠయో గుర్తించుట మన పని. చేబ్రోలు బ్రహ్మదర్శనమునకు పోవువారు ఆ వాడ పేరు వినినప్పుడు, అచ్చటను పంచాంగము చూచుకొని పండుగకై యెదురుచూచు తెలుగు బిడ్డలు కలరని తలచుకొందురు గాక.