రాత్రి పదిన్నరకి వేసేది ఆకలా? యావా?

రాత్రి పదిన్నర అవుతుంది. పిల్లలు పడుకున్నారు, గిన్నెలు సర్దేశారు. భోజనం చేసి రెండు గంటలు కూడా కాలేదు. అయినా కాళ్లు వాటంతటవే వంటింట్లోకి నడుస్తాయి. ఊరి నుంచి వచ్చిన జంతికలో, టీలో ముంచుకునే బిస్కెట్లో, ఏదీ లేకపోతే ఫ్రిజ్‌లో మిగిలిన అన్నంలో ఇంత ఆవకాయో. మీకూ తెలిసిన సంగతే కదా?

మర్నాడు పొద్దున్న "నాకు నోరు కట్టుకోవడం చేతకాదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తూ మన ఆడవాళ్ల నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. నిజానికి చాలాసార్లు ఇందులో మీ చేతకానితనం ఏమీ ఉండదు. ఒంటికి ఏదో తక్కువైంది, అది అన్నం రూపంలోనో తీపి రూపంలోనో అడుగుతోంది. ఏం తక్కువైందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే.

పగలు ఏం తిన్నారు?

మన రోజు ఒకసారి చూసుకుందాం. పొద్దున్న హడావిడిలో రెండు టోస్టులు, టీ. మధ్యాహ్నం డబ్బాలో పులిహోర. సాయంత్రం మళ్లీ టీ, రస్కులు. అన్నీ పిండి పదార్థాలే. తెల్లన్నం, మైదా తొందరగా అరిగి రక్తంలో చక్కెర గబుక్కున పెరుగుతుంది. ఇన్సులిన్ దాన్ని కిందికి దించుతుంది. కొంతమందిలో తిన్న రెండు మూడు గంటలకి తినకముందు ఉన్నదానికన్నా కిందికి దిగిపోతుంది. 2021లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు వెయ్యిమందికి పైగా మనుషుల్ని పరిశీలించారు. అలా ఎక్కువగా దిగేవాళ్లకి ఆకలి తొందరగా వేస్తుందనీ, ఆ రోజు మొత్తం మీద ఎక్కువే తింటారనీ తేలింది.

దీనికి మందు అన్నం మానేయడం కాదు, ప్రోటీన్ పెంచడం. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. టోస్టుతో పాటు రెండు గుడ్లు తినండి. శాకాహారులైతే పెసరట్టు వేసుకోండి, లేదా గట్టి పెరుగు ఒక గిన్నె. పప్పుచారు పోసుకుని పప్పు తిన్నాం అనుకోకండి, ముద్దపప్పు వేరు. పప్పు ఒక గరిటె పెంచి అన్నం ఒక గరిటె తగ్గించండి, చాలు.

ఇంకో చిన్న కిటుకు ఉంది. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 2015లో 11 మంది షుగర్ పేషెంట్లకి ఒకే భోజనాన్ని రెండు రకాలుగా పెట్టి చూశారు. కూరగాయలు, చికెన్ ముందు తిని బ్రెడ్డు, జ్యూసు తర్వాత తీసుకున్న రోజు, గంట తర్వాత చూస్తే చక్కెర 37 శాతం దాకా తక్కువగా ఉంది. చిన్న పరిశీలనే, కానీ పాటించడానికి ఖర్చేమీ లేదు. మనకి కూర అన్నంలో కలుపుకోవడమే అలవాటు కదా. ముందు ఒక కప్పు కూర ఉత్తినే తినేసి, ఆ తర్వాత అన్నం పెట్టుకోండి.

నిద్ర ఎంత?

నైట్ డ్యూటీలు చేసేవాళ్లు, పసిపిల్లల తల్లులు ఇది తప్పకుండా చదవండి. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే ఆకలి పెంచే హార్మోను 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే హార్మోను 18 శాతం తగ్గింది. స్వీట్లు, చిప్స్, బ్రెడ్డు లాంటి వాటి మీద కోరిక అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది. రెండు రాత్రులకే అంత తేడా! ఏళ్ల తరబడి నిద్ర చాలని మనం బిస్కెట్ డబ్బా దగ్గర ఓడిపోతే వింతేముంది?

డ్యూటీకి వెళ్లేముందు కడుపునిండా భోజనం చేసి వెళ్లండి. రాత్రికి డబ్బాలో సెనగల గుగ్గిళ్లో ఉడికించిన గుడ్లో పెట్టుకోండి. పొద్దున్న ఇంటికి రాగానే తేలిగ్గా ఏదో తిని, కర్టెన్లు వేసి పడుకోండి. బట్టలు ఉతకడం సాయంత్రం చూసుకోవచ్చు.

బెంగా?

చలికాలం ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. అమ్మతో ఫోన్ పెట్టేయగానే ముద్దపప్పు, నెయ్యి గుర్తొస్తాయి. ఇది కడుపు ఆకలి కాదని తెలుసు, అయినా తినాలనిపిస్తుంది. తినండి. కాకపోతే డబ్బా పట్టుకుని నిలబడి కాదు, చిన్న గిన్నెలో పెట్టుకుని కూర్చుని తినండి. పూర్తిగా నిషేధం పెట్టుకుంటే ఆ యావ ఇంకా పెరుగుతుంది.

వీటిని మాత్రం యావ అనుకోకండి

ఒకటి. ఇన్సులిన్ గానీ, గ్లిక్లజైడ్, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి ఉన్నట్టుండి ఆకలి, చెమటలు, వణుకు, గుండె దడ వస్తే చక్కెర పడిపోతోందేమో చూడాలి. మన మీటర్లో 4 కన్నా తక్కువ, ఇండియా మీటర్లో 70 కన్నా తక్కువ ఉంటే నిగ్రహించుకునే సమయం కాదది. వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. చాక్లెట్ అంత తొందరగా పనిచేయదు. పావుగంటకి మళ్లీ చూసుకుని, కుదుటపడ్డాక ఏదైనా తినాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. ఇక్కడైతే 999కి, ఊళ్లో అయితే 108కి ఫోన్ చేయండి. ఈ మందులు వాడుతూ డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా అన్నం తగ్గించడం కూడా ప్రమాదమే.

రెండు. పచ్చి బియ్యం నమలడం, బలపాలు, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపించడం. మన ఇళ్లలో దీన్ని నవ్వులాటగా తీసుకుంటారు. చాలాసార్లు దీని వెనక ఐరన్ తక్కువ కావడం ఉంటుంది. జీపీని అడిగి రక్తపరీక్ష చేయించుకోండి. భోజనంతో పాటు టీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు, ఒక గంట ఆగి తాగండి.

మూడు. తెగ దాహం, మాటిమాటికీ బాత్రూమ్, ఎంత తిన్నా బరువు తగ్గడం, నీరసం. ఆలస్యం చేయకుండా డాక్టరుకి చెప్పండి. హెచ్‌బీఏ1సీ 42 నుంచి 47 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడ్డట్టు. 48, అంటే ఇండియా రిపోర్టులో 6.5 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే షుగర్ కిందే లెక్క. సన్నగా ఉన్నాను, నాకెందుకు వస్తుంది అనుకోకండి. మన దక్షిణాసియా వాళ్లకి బీఎంఐ 23 నుంచే ముప్పు మొదలవుతుందని ఇక్కడి వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లు ఏటా పరీక్ష చేయించుకోవాలి. ఇంగ్లండులో 40 నుంచి 74 ఏళ్ల వాళ్లకి ఐదేళ్లకోసారి ఎన్‌హెచ్‌ఎస్ ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేస్తుంది. ఆ ఉత్తరం వస్తే బిల్లుల కింద పడేయకండి.

ఈ వారం మూడు రోజులు ఒక పని చేయండి. నాలుక లాగినప్పుడల్లా ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి: టైమెంత, అంతకుముందు ఏం తిన్నారు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, మనసెలా ఉంది. మూడో రోజుకి మీ కారణం మీకే కనబడుతుంది. ఊళ్లో అత్తయ్యో పిన్నో బియ్యం నములుతుంటారని తెలిస్తే, ఈ ఆదివారం ఫోన్‌లో మిగతా కబుర్లకన్నా ముందు రక్తపరీక్ష మాట చెప్పండి.