పెళ్లికి ముందటి శీలం: ఆఫ్రికా సంప్రదాయాలు ఎవరిని బాధ్యులను చేశాయి?

ఆఫ్రికా వందలాది జాతులకు, భాషలకు నిలయం కావడం వల్ల, వివాహానికి ముందటి శీలం విషయంలో ఆ ఖండమంతటికీ వర్తించే ఒకే నియమం ఎన్నడూ లేదు. అయినా కెన్యాలోని కికుయు, దక్షిణాఫ్రికాలోని జులూ, ఘనాలోని అకాన్ ప్రజల ఆచారాలను పరిశీలిస్తే, పడుచుల మధ్య ఆకర్షణను పూర్తిగా అణచివేయడం కంటే, వివాహానికి లేదా వయోదీక్షకు ముందే గర్భం రాకుండా కాపాడటం మీదనే ఈ సమాజాలు ఎక్కువ శ్రద్ధ పెట్టినట్లు కనిపిస్తుంది.

తరువాతి కాలంలో కెన్యా తొలి అధ్యక్షుడైన జోమో కెన్యాట్టా 1938లో ప్రచురించిన ‘ఫేసింగ్ మౌంట్ కెన్యా’ గ్రంథంలో ‘న్గ్వేకో’ అనే కికుయు ఆచారాన్ని వివరించాడు. బాల్యం ముగిసి పెద్దల వర్గంలో చేరేందుకు జరిపే వయోదీక్ష పూర్తయిన యువతీయువకులు ఒకరి సాన్నిహిత్యాన్ని మరొకరు పొందవచ్చు గాని, సంభోగం నిషిద్ధం. అందుకే యువతి తన తోలు వస్త్రాన్ని కాళ్ల మధ్య బిగించి కట్టుకునేది. హద్దు మీరి ఆమెను గర్భవతిని చేసిన యువకుడు మేకలను, పొట్టేళ్లను జరిమానాగా చెల్లించడమే కాక, తోటివారి వెలికి కూడా గురయ్యేవాడు. జులూలలో ఇటువంటి సాన్నిహిత్యాన్ని ‘హ్లోబోంగా’ అనేవారు. దానిని ‘అమాఖికిజా’ అని పిలిచే పెద్ద వయసు కన్యలు పర్యవేక్షించేవారు. చిన్నవారికి మెలకువలు నేర్పేదీ, ప్రేమ ప్రతిపాదనకు ఒప్పుకోవాలో లేదో చెప్పేదీ వారే.

అకాన్ ప్రజలలో బాలిక రజస్వల అయినప్పుడు ‘బ్రాగోరో’ అనే వేడుక జరిపేవారు. అది జరగకముందే గర్భం ధరించడం యావత్ సమాజానికి అరిష్టమన్న నమ్మకం వల్ల, ఆ బాలికతో పాటు అందుకు కారకుడైన పురుషుణ్ణి కూడా ఊరి నుంచి వెలివేసేవారు.

పెళ్లికి ముందటి గర్భాన్ని ఇంత తీవ్రంగా పరిగణించడానికి మూలం వివాహ వ్యవస్థలో ఉంది. జులూలలో వరుని కుటుంబం వధువు కుటుంబానికి పశువుల రూపంలో ఇచ్చే ఓలిని ‘లోబోలా’ అంటారు. ఇది రెండు వంశాలను బంధువులుగా కలిపే ఒప్పందం; పుట్టబోయే బిడ్డలు తండ్రి వంశానికి చెందుతారని నిర్ధారించేది కూడా ఇదే. దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతపు వలస పాలకులు 1869లో సామాన్యులకు ఈ పశువుల సంఖ్యను 10గా నిర్ణయించారు. వీటికి అదనంగా ‘ఇంగ్ఖుతూ’ అనే ఆవు, కూతురి శీలాన్ని కాపాడి పెంచినందుకు తల్లికే దక్కేది. పెళ్లికి ముందే ఆమె కన్యాత్వాన్ని భంగపరచిన పురుషుడు ఈ ఆవును పరిహారంగా ఇవ్వవలసి వచ్చేది.

ఈ కట్టుబాట్లు బలహీనపడటానికి ప్రధానంగా రెండు కారణాలున్నాయి. క్రైస్తవ మిషనరీలు హ్లోబోంగా, న్గ్వేకో వంటి ఆచారాలను అనైతికమని ఖండించగా, 1886లో దక్షిణాఫ్రికాలోని విట్వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడ్డాక యువకులు గనుల పనికి వలసపోయి ఊరి పెద్దల అదుపుకు దూరమయ్యారు. నేటి బోట్స్వానాలోని క్గాట్లా ప్రజలను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త ఐజాక్ షపేరా, పెళ్లికి ముందు గర్భాలు పెరిగాయని, పాత శిక్షలు పట్టు కోల్పోయాయని 1930లలోనే నమోదు చేశాడు.

ఎయిడ్స్ విజృంభించిన 1990లలో దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్‌లో కన్యాత్వ పరీక్షలు మళ్లీ ప్రాచుర్యంలోకి వచ్చాయి. ఆ దేశపు 2005 నాటి బాలల చట్టం 16 ఏళ్లలోపు బాలికలకు వాటిని నిషేధించి, ఆపై వయసున్న బాలికల విషయంలో వారి సమ్మతిని తప్పనిసరి చేసింది. 1998 నాటి మరో చట్టం సంప్రదాయ వివాహాలకు గుర్తింపునిస్తూనే భార్యకు సమాన హోదా కల్పించింది.

పాత వ్యవస్థ స్త్రీపురుషులను సమానంగా చూసిందని చెప్పడానికి వీల్లేదు; అపవాదు భారం ఎక్కువగా ఆడపిల్ల మీదనే పడేది. అయితే ఆమెకు ముందుగా బోధించేవారు ఉండేవారు, తప్పు జరిగితే యువకుడూ అతని కుటుంబమూ మూల్యం చెల్లించేవారు. ఆ బోధననూ పురుషుని బాధ్యతనూ వదిలేసి, బాలిక శరీరాన్ని మాత్రమే పరీక్షకు గురిచేయడం సంప్రదాయ పునరుద్ధరణ అనిపించుకోదు.