ఉగెత్సు – ఒక కుమ్మరి యింటి కథ

“దయ్యముల కథలు, సినిమాలు పిల్లలకు తగునా?” యని తలిదండ్రులు మమ్ము తరచుగా అడుగుచుందురు. ఆ కథ యేది, అందులో దయ్యమెందుకు వచ్చినది యని విచారింపక యే యుత్తరము చెప్పినను తొందరపాటే యగును. ఇందుకు దృష్టాంతముగా 1953లో వెలువడిన ‘ఉగెత్సు మొనొగతారి’ యను జపాను చిత్రమును గూర్చి నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

ఉగెత్సు అనగా వాన, చంద్రుడు; మొనొగతారి యనగా కథ. ఈ పేరుతో ఉఎద అకినారి యను రచయిత 1776లో తొమ్మిది కథల సంపుటమును ప్రకటించెను. ఒక కథలో భర్త వ్యాపారమునకై యిల్లు విడిచి, యుద్ధము వలన ఏడేండ్లకు గాని తిరిగి రాడు. వేరొకదానిలో సర్పము స్త్రీరూపమున నొక యువకుని మోహింపజేయును. దర్శకుడు కెంజి మిజోగుచి ఈ రెంటిని ప్రధానముగా గైకొని చిత్రమును రూపొందించెను.

కాలము 16వ శతాబ్దపు చివర, దేశమంతట అంతర్యుద్ధము. బివా సరస్సు చెంత నొక పల్లెలో గెంజురో యను కుమ్మరి, అతని భార్య మియాగి, ఒక పసివాడు. యుద్ధకాలమున పట్టణములో కుండలకు గిరాకి హెచ్చును. మొదటి బేరమున సొమ్ము రాగా అతడు భార్యకు మంచి బట్ట తెచ్చును. ఆమె బట్టకు గాక భర్త ఆదరమునకు మురియును. అతనికి మాత్రము ఆశ పెరుగును. సైనికులు పల్లెపై బడినను ప్రాణమునకు తెగించి ఆవమును చూచుకొనును. అతని బావమరది తొబెయి యోధుడు కావలెనను పిచ్చితో భార్యను విడిచిపోగా, ఆమె దుర్గతి పాలగును.

పట్టణపు సంతలో వకాస యను దొరసాని గెంజురో పనితనమును మెచ్చి తన మేడకు పిలుచును. అతడు ఇంటిని, బిడ్డను మరచును. ఆమె ప్రేమ యెరుగకయే మరణించిన కన్య, ప్రేతము. ఒక పురోహితుడు అతని శరీరమున మంత్రాక్షరములు వ్రాయగా, ఎట్టకేలకు విడివడి చూచునప్పటికి మేడ లేదు, శిథిలములే యున్నవి.

ఇల్లు చేరునప్పటికి రాత్రి. గది శూన్యము, పొయ్యి చల్లారియున్నది. అతడు భార్యను పిలుచుచు ఇంటి వెనుకగా చుట్టి వచ్చును. కెమెరా మాత్రము లోపలనే తిరిగి చూపును: పొయ్యి వెలుగుచున్నది, మియాగి కూర్చున్నది! నడుమ కోత లేదు, కనికట్టు లేదు. ఛాయాగ్రాహకుడు కజువొ మియగావా నేర్పది. ఆమె భర్తకు అన్నము పెట్టి, అతడు నిద్రింపగా చిరిగిన బట్టలు కుట్టును. ఆకలిగొన్న సైనికుల చేతిలో ఆమె ముందే మరణించెనని తెల్లవారినపిదప గ్రామపెద్ద చెప్పును.

ఈ చిత్రమున ప్రేతములు రెండు. ఒకటి తన సుఖమునకై మనుష్యుని పట్టి యుంచును. రెండవది అతనికి, బిడ్డకు సేవచేయ వచ్చును. మొదటిదాని చూచి భయపడుదుము. రెండవదాని చూచి కంటనీరు పెట్టుదుము. దయ్యమను పేరొక్కటే గాని తారతమ్యమెంత!

సంపాదన తప్పని ఈ చిత్రము చెప్పదు. చివర గెంజురో మరల సారె త్రిప్పుచునే యుండును; పసివాడు తల్లి సమాధి వద్ద అన్నము పెట్టును. ఎవరి సుఖమునకై సంపాదింప బూనెనో వారినే మరచుట తప్పని దాని భావము. బ్రతుకుతెరువునకై దూరమేగు తండ్రులు గల మన కుటుంబములకు ఈ మాట పరాయిది కాదు.

వెనిస్ చలనచిత్రోత్సవమున ఆ 1953లోనే దీనికి వెండి సింహ పురస్కారము లభించినది. ఇందు హింస, దౌర్జన్యము గలవు. కావున చిన్న తరగతుల పిల్లలకు తగదు. ఉన్నత తరగతుల వారికి మాత్రము తలిదండ్రులు ప్రక్కన కూర్చుండి చూపి, పిమ్మట “మియాగి యెందుకు తిరిగి వచ్చినది?” యని యడుగుడని మా మనవి. ఆ యుత్తరము వెదకుటయే మంచి పాఠము.