పదో తరగతి పరీక్షల నెల: పాడి ఇంటి పెద్దలకు కొన్ని మాటలు

శివరాత్రి వెళ్ళిందంటే రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో ఎండ ముదురుతుంది. పచ్చిమేత కరువవుతుంది. జొన్నచొప్ప, వేరుశనగ కట్టె లెక్క చూసుకుని వేయవలసిన రోజులు వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన ఇళ్ళలో పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షలు కూడా వచ్చిపడతాయి. 2024లో మార్చి 18న మొదలైనాయి, 2025లో మార్చి 17న. ఎండాకాలంలో పాడి చూసుకోవడం గురించి ఈ పత్రికలో ఏటా రాస్తూనే ఉంటాము. అదే నెలలో అదే కప్పు కింద చదువుకునే పిల్లల సంగతి కూడా సభ్యులతో ముచ్చటించవలసిన అవసరం ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా పరీక్ష ఎట్లా ఉంటుందో పెద్దలు తెలుసుకోవడం మంచిది. చాలామంది తల్లిదండ్రులకు "పరీక్షలు" అన్న మాట తప్ప వివరం తెలియదు. 2025లో ప్రధాన పరీక్షలు ఉదయం తొమ్మిదిన్నరకు మొదలై పన్నెండుముప్పావుకు ముగిసినాయి. ఒక్కొక్క సబ్జెక్టుకు వంద మార్కులు. సైన్సును మాత్రం రెండుగా విడగొట్టి, భౌతిక రసాయన శాస్త్రం ఒక రోజు, జీవశాస్త్రం ఇంకొక రోజు, యాభై యాభై మార్కులకు పెట్టినారు. పాసు కావడానికి వందకు 35 రావాలి. హిందీకి 20 చాలు. హాల్ టికెట్ చూపిస్తే పరీక్ష రోజుల్లో ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులో పిల్లలకు చార్జీ ఉండదు. ఈ సంగతి తెలియక ఆటోలకు డబ్బు పోసేవారు ఇప్పటికీ ఉన్నారు.

రాష్ట్రం మొత్తం మీద 2022లో పదో తరగతి పాసైన వారు 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. అంటే 2025 సంవత్సరంలో రాసిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు మొదటి విడతలో తప్పినారు. ఈ లెక్క భయపెట్టడానికి చెప్పడం లేదు. తప్పడమన్నది ఎక్కడో ఎవరికో జరిగే వింత కాదని, మన వీధిలోనే ఏటా జరిగేదేనని తెలిస్తే ఇంట్లో మాటతీరు కొంత మారుతుందన్నదే మా ఆశ.

పని వేళలు, చదువు వేళలు

పాడి ఉన్న ఇంట్లో పిల్లల పని ఎంత ఉంటుందో బయటివారికి తెలియదు, మనకు తెలుసు. తెల్లవారుజామున పేడ తీయడం, కుడితి పెట్టడం, పాలు సంఘానికి పోసి రావడం, బడి వదిలినాక గడ్డి కోసుకురావడం, మళ్ళీ సాయంత్రం పాలు. ఒక్కొక్కటి చూస్తే చిన్న పనే. అన్నీ కలిపితే రోజుకు రెండున్నర, మూడు గంటలు తేలికగా పోతాయి. పైగా చివరి నెలల్లో హైస్కూళ్ళలో ప్రత్యేక తరగతులు ఉంటాయి. 2024–25లో అయితే ప్రభుత్వ పాఠశాలల్లో పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక పెట్టి నడిపినారు. సాయంత్రం తరగతి ముగిసే వేళ, పాలు పితికే వేళ దాదాపు ఒక్కటే. ఎనుము ఆగదు, కాబట్టి తరగతే ఆగిపోతుంది.

పిల్లల చేత అసలు పని చేయించవద్దని మేము చెప్పబోవడం లేదు. అది మన ఇళ్ళలో సాగే మాట కాదు. ఒక అరగంట మేత వేసి, దూడను కట్టివేసి వచ్చిన పిల్లవాడికి ఒళ్ళు కదులుతుంది, మనసు తేటపడుతుంది. వద్దనేది గడియారానికి కట్టుబడిన పనిని. పాలు పోయడానికి వెళ్ళి వరుసలో నిలబడితే అది ఎప్పుడు తెములుతుందో తెలియదు. ఆ పని ఈ నెల రోజులు పెద్దవారు చేయాలి. ఇద్దరు ముగ్గురు ఇరుగు పొరుగు సభ్యులు కలిసి, ఒకరు అందరి క్యాన్లు తీసుకుపోయే వంతు పెట్టుకున్నా సరిపోతుంది. ఎవరి పాల నమూనా వారిది విడిగా తీయించుకుంటే వెన్న శాతం దగ్గర తగవు రాదు.

ఆడపిల్లల విషయంలో ఇంకొక మాట ఉన్నది. మగపిల్లవాడు పుస్తకం పట్టుకుంటే ఇల్లంతా గుట్టుగా ఉంటుంది. ఆడపిల్ల పుస్తకం పట్టుకుంటే "ఆ గిన్నెలు కడిగేసి చదువుకో" అంటాము. ఇద్దరికీ ప్రశ్నపత్రం ఒక్కటే కదా!

మన ప్రాంతంలో మగవారు బతుకుదెరువుకు కువైట్ పోయిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అక్కడ తల్లి ఒక్కతే పాడి, పొలం, పిల్లలు అన్నీ చూస్తుంది. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. ఆయన పని ముగించుకుని రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తే ఇక్కడ పదిన్నర. పడుకోవలసిన పిల్లవాడు నాన్న గొంతు కోసం మేలుకుని ఉంటాడు. మాట ముగిసేసరికి పదకొండు, ఆ తరువాత నిద్ర ఎప్పటికో పడుతుంది. ఈ నెల మటుకు శుక్రవారం సెలవు నాడు తీరికగా మాట్లాడండి. మిగతా రోజుల్లో పగలు ఏదో ఒక విరామంలో రెండు నిమిషాలు చాలు. ఫోనులో మొదటి ప్రశ్న "ఎన్ని మార్కులు వస్తాయి?" అని కాకుండా "అన్నం తిన్నావా, ఈ రోజు ఏం చదివినావు?" అని ఉంటే అంత దూరం నుంచి వచ్చిన మాటకు విలువ ఉంటుంది. "నీ కోసమే ఇక్కడ ఎండలో చస్తున్నాను" అన్న మాట నిజమే కావచ్చు. పరీక్షకు వారం ముందు అది పిల్లవాడి తల మీద బరువే తప్ప బలం కాదు.

నిద్ర సంగతి

వేకువనే నాలుగింటికి లేచి చదివితే బాగా తలకెక్కుతుందని మన పెద్దల నమ్మకం. తొమ్మిదింటికే పడుకునే వాడికి ఇది నిజమే. కానీ పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. ఆ వయసులో శరీరంలోని గడియారం కొంచెం ఆలస్యంగా నడుస్తుంది. నిద్ర వచ్చేదే ఆలస్యంగా వస్తుంది. అది సోమరితనం కాదు, వయసు లక్షణం. రాత్రి పదకొండు దాకా మేలుకున్న పిల్లవాడిని నాలుగింటికి లేపితే, నీళ్ళు కలిసిన పాలు పోసినట్లే. కొలత నిండుగా కనిపిస్తుంది గాని లాక్టోమీటరు నిజం చెబుతుంది. పగలు చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. కనుక పరీక్ష ముందు రాత్రి జాగరణ చేయించడం చదివినదాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే అవుతుంది.

పాడి ఇంట్లో అయిదింటికే బకెట్ల చప్పుడు, లైట్లు తప్పవు. పిల్లలు పడుకునే చోటు కొట్టానికి దూరంగా మార్చగలిగితే మార్చండి. మధ్యాహ్నం ఎండవేళ అరగంట కునుకు తీస్తే అడ్డు చెప్పకండి.

2025లో పరీక్షలు దాదాపు అన్నీ రంజాన్ మాసంలోనే జరిగినాయి. పండుగ ఏ రోజు వస్తుందో చూసుకుని చివరి సోషల్ పరీక్షను ఏప్రిల్ 1న పెట్టినారు. చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కనుక ఈ కలయిక కొన్నేళ్ళు ఉంటుంది, కొన్నేళ్ళు ఉండదు. ఉన్న ఏడు సహరీకి లేచే పిల్లల నిద్ర రెండు ముక్కలవుతుంది. రాయచోటి పట్టణంలోను, చుట్టుపక్కల పల్లెల్లోను ఇటువంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. పరీక్ష రాసి వచ్చినాక ఆ పిల్లలను రెండు గంటలు పడుకోనివ్వాలి.

తిండి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. రోజూ తినేదే పెట్టండి, కొత్తవి పెట్టకండి, ఖాళీ కడుపుతో పంపకండి, నీళ్ళ సీసా ఇవ్వండి. ఉన్న పాలన్నీ సంఘానికి పోసేసి పిల్లలకు నల్ల టీ ఇచ్చే ఇళ్ళు మనలో ఉన్నాయి. పాలు తగ్గించి పొయ్యమని సమాఖ్య పత్రికలో రాయడం వింతగానే ఉంటుంది గాని, ఈ నెల ఒక గ్లాసు ఇంట్లోనే ఆపండి.

అక్షరం రాని తల్లి కూడా చదివించగలదు

ఇది చాలామంది నమ్మరు. "మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం?" అంటారు. దీనికి ఒక సంగతి చెబుతాము. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విద్యార్థుల మీద చేసిన పరిశోధన 2006లో వెలువడింది. ఒక గుంపు చేత ఒక పాఠాన్ని నాలుగు మార్లు చదివించినారు. ఇంకొక గుంపు ఒక్క మారు చదివి, తరువాత మూడు మార్లు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాలకు అడిగితే చదివిన గుంపుదే పైచేయి. వారం తరువాత అడిగితే నాలుగు మార్లు చదివిన వారికి గుర్తున్నది 40 శాతం, చూడకుండా రాసుకున్న వారికి 61 శాతం. పరీక్ష ఐదు నిమిషాలకు రాదు, వారాల తరువాత వస్తుంది. అందువల్ల పైకి గట్టిగా వల్లెవేసే పిల్లవాడికన్నా, పుస్తకం మూసి చెప్పగలిగే పిల్లవాడికే ఎక్కువ నిలుస్తుంది.

తల్లి చేయవలసిందల్లా ఒక్కటే. పుస్తకం మూయించి, "ఈ రోజు చదివింది నాకు చెప్పు" అనడం. సాయంత్రం పాలు పితుకుతూనే వినవచ్చు. గుండెలో గదులెన్ని, రక్తం ఎట్లా తిరుగుతుంది అని పిల్ల చెబుతూ మధ్యలో ఆగిపోయిందంటే, ఆగిన చోటే రానిది. అది తప్పో ఒప్పో తల్లికి తెలియకపోయినా ఆగిన సంగతి తెలుస్తుంది. పిల్ల వెళ్ళి ఆ ఒక్క ముక్క చూసుకుని వస్తుంది. లెక్కలు మాత్రం నోటితో కుదరవు. పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని చేతితో చేయాలి. అన్ని అధ్యాయాలూ రాని పిల్లవాడిని చివరి మూడు వారాల్లో అన్నీ నేర్చుకోమనడం కన్నా, సగం వచ్చినవాటిని గట్టి చేసుకోమనడం తెలివైన పని. ఏవి గట్టి చేసుకోవాలో ఉపాధ్యాయుడిని వెళ్ళి అడగండి. తల్లిదండ్రులు అడిగితే కాదనే ఉపాధ్యాయులు తక్కువ.

భయం గురించి పాడి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. కొత్త మనిషి కొట్టంలోకి వచ్చినా, కుక్క మొరిగినా ఎనుము చేపదు. పొదుగులో పాలు ఉంటాయి, దిగి రావు. అప్పుడు కొడితే ఇంకా బిగబడుతుంది. పరీక్ష గదిలో భయపడిన పిల్లవాడి స్థితి కూడా ఇటువంటిదే. చదివినది లోపలే ఉంటుంది, వేళకు రాదు. "తప్పినావంటే ఎనుముల వెంట తోలుతా", "తప్పినావంటే పెళ్ళి చేసేస్తా" అన్న బెదిరింపులు ఈ పనే చేస్తాయి. రెండో మాట చట్టానికి కూడా విరుద్ధం. ఆడపిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండనిదే పెళ్ళి చేయకూడదు. ఇక ఎనుముల వెంట పోవడం శిక్ష అని మనమే చెబితే, రేపు ఈ వృత్తిని గౌరవించేది ఎవరు? పశుసంవర్ధక డిప్లొమాకు పదో తరగతి పాసైన వారినే తీసుకుంటారు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ సీట్లు కూడా పదో తరగతి మార్కుల మీదే వస్తాయి. ఈ మాటలు చెప్పి ఆశ కలిగించండి.

ఫలితాల రోజు

పరీక్షలు ముగిసినాయని ఊపిరి పీల్చుకుంటాము గాని, పిల్లలను కనిపెట్టుకుని ఉండవలసింది ఫలితాల వారం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల లెక్కల్లో తప్పులు దొర్లినాయని తరువాత బయటపడింది. తప్పిన వారందరి జవాబుపత్రాలు మళ్ళీ చూడగా వెయ్యి మందికి పైగా పాసైనారు. తెర మీద కనిపించే అంకె ఆఖరి మాట కాదన్నది ఆ ఏడు ఎన్నో ఇళ్ళకు ఆలస్యంగా తెలిసింది.

ఆ రోజు పిల్లవాడిని ఒంటరిగా వదలకండి. ఫలితం మీరూ పక్కన కూర్చుని చూడండి. చుట్టాల పిల్లల మార్కులు ఆ పూట ఎత్తకండి. పొలానికి వాడే పురుగుమందు డబ్బాలు ఎప్పుడూ తాళం వేసే చోటే ఉండాలి. ఆ వారం అయితే తాళంచెవి కూడా పెద్దల దగ్గరే ఉండాలి. పిల్లవాడు మాట తగ్గించి, తిండి మానేసి, "నేను లేకపోతే నయం" వంటి మాట అంటే తేలికగా తీసుకోకండి, సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. 14416 నంబరుకు ఏ వేళ ఫోను చేసినా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడే మానసిక ఆరోగ్య సలహాదారులు ఉంటారు. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ ఇదే. పిల్లల కోసం 1098 ఉండనే ఉంది.

తప్పినవారికి ఏడాది పోదు. 2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చినాయి. సప్లిమెంటరీ పరీక్షలు మే 19 నుంచి 28 వరకు జరిగినాయి. నెల లోపే రెండో అవకాశం. అందులో పాసైన వారు ఆ ఏడే ఇంటర్‌లో చేరవచ్చు. మార్కుల మీద అనుమానం ఉంటే రీకౌంటింగు, జవాబుపత్రం మళ్ళీ పరిశీలించే ఏర్పాటు ఉన్నాయి. రెండింటికీ గడువు కొద్ది రోజులే ఉంటుంది కనుక ఏడ్చి కూర్చున్న ఇంట్లో ఆ గడువు దాటిపోతుంది.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. పరీక్ష రోజుల్లో పదో తరగతి పిల్లలు ఎవరైనా క్యానుతో వస్తే వరుసలో నిలబెట్టకుండా ముందు పోయించుకుని పంపండి. సాయంత్రం సేకరణ ముగిసినాక సంఘ భవనం ఖాళీగానే ఉంటుంది. లైటు, ఫ్యాను ఉన్నచోట రాత్రి తొమ్మిది దాకా పిల్లలు చదువుకోవడానికి తెరిచి ఉంచమని పాలకవర్గం ఒక తీర్మానం చేసుకోవచ్చు. పాల డబ్బు పంపిణీ తేదీలు రాసే బోర్డు పక్కనే పరీక్షల టైంటేబులు అంటించండి. ఫలితాలు వచ్చిన మరునాడు దాన్ని తీసివేసి, సప్లిమెంటరీ ఫీజు చివరి తేదీ, 14416 నంబరు పెద్ద అక్షరాలతో రాయించి అదే చోట పెట్టండి.