ఎత్తైన జీపు ఎక్కించేటప్పుడు జాగ్రత్త!



మోకాలి ఆపరేషన్ అయిన పొట్టి మనిషిని, మీ అమ్మమ్మనో నాయనమ్మనో, ఎత్తైన జీపులో ఇంటికి తీసుకువెళ్తున్నారా? చెయ్యి పట్టి పైకి లాగకండి. భుజం కీలు తప్పవచ్చు. బండిని అరుగు పక్కన ఆపించి, హ్యాండ్‌బ్రేకు వేయించండి. అప్పుడు ఎక్కవలసిన ఎత్తు తగ్గుతుంది. అరుగు లేకపోతే సుమారు 6 అంగుళాల ఎత్తున్న, వెడల్పాటి, కదలని చెక్కపీట వేయండి. ఇటుకలు, ప్లాస్టిక్ స్టూలు వద్దు. ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ అయిన కాలు పెట్టించండి. ఒకరు వెనుక నిలబడి నడుము దగ్గర ఆసరా ఇవ్వండి. తుంటి మార్పిడి జరిగినవారిని ఎలా కూర్చోబెట్టాలో ముందే డాక్టరు గారిని అడగండి.

ఐదు నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు. పడితే మళ్లీ ఆసుపత్రికే రావాలి. దేవుడు మీ ప్రయాణాన్ని క్షేమకరం చేయును గాక!