నడిసముద్రమున సెల్‌ఫోను: బూస్టరు పనిచేయునా?

విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరు నుండి వేటకు బయలుదేరు మరపడవలపై నేడు సెల్‌ఫోను లేని కళాసీ అరుదు. రేవు విడిచిన కొంతసేపటి వరకు ఇంటివారితో మాటలు సాగును. పిమ్మట ఫోనుపై గీతలు ఒక్కొక్కటిగా తగ్గి, తుదకు పూర్తిగా మాయమగును. అటువంటపుడు, “ఒక బూస్టరు కొని బోటుపై బిగించిన చాలదా?” అను ప్రశ్న పుట్టుట సహజము.

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన ప్రశ్న కాదు. 2017వ సంవత్సరము నవంబరు నెలాఖరున ఓఖి తుపాను తమిళనాడు, కేరళ తీరములను తాకినపుడు, దూరముగా వేటలోనున్న జాలరులకు హెచ్చరిక అందజేయు మార్గము లేకపోయినది. ఎందరో ప్రాణములు కోల్పోయిరి. కనుక ఏ సాధనము ఎంత దూరము పనిచేయునో, ఆ హద్దు ఎందుచేత ఏర్పడినదో ముందుగా తెలిసికొనుట మేలు.

దిగంతము అను గోడ

సముద్రతీరమున నిలిచి, దూరముగా పోవు ఓడను చూడుడు. మొదట దాని అడుగుభాగము నీటి చాటున మరుగగును. చివరకు స్తంభపు కొన మాత్రమే మిగులును. భూమి గుండ్రముగా నుండుటయే దీనికి కారణము.

సెల్‌ఫోను తరంగములకును ఇదే గతి పట్టును. 1901లో మార్కోని అట్లాంటిక్ మహాసముద్రమును దాటించిన రేడియో తరంగముల పొడవు వందల మీటర్లు. అట్టి తరంగములు ఆకాశమున ఎత్తుననున్న విద్యున్మయమైన పొరపై పడి, తిరిగి భూమికి చేరగలవు. సెల్‌ఫోనులలో వాడు 900 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు 33 సెంటీమీటర్లు మాత్రమే. ఇంత పొట్టి తరంగములు ఆ పొరను చీల్చుకొని పోవును. భూమిపై ఇవి దాదాపు వెలుతురు వలెనే తిన్నగా ప్రయాణము చేయును. వాయుమండలము వీనిని స్వల్పముగా మాత్రమే వంచును.

ఆ స్వల్పమైన వంపును కూడ లెక్కలోనికి తీసికొని శాస్త్రజ్ఞులు ఒక సులభ సూత్రమును చెప్పుదురు. టవరు ఎత్తును, ఫోను ఎత్తును మీటర్లలో తీసికొని, వాని వర్గమూలములను కూడి, 4.12తో గుణింపవలెను. వచ్చినది ఆ రెండును ఒకదానినొకటి “చూడగల” దూరము, కిలోమీటర్లలో.

టవరు 40 మీటర్ల ఎత్తుననున్నదనియు, బోటుపైనున్నవాని ఫోను నీటికి 2 మీటర్ల ఎత్తుననున్నదనియు అనుకొందము. దూరము సుమారు 32 కిలోమీటర్లగును. ఇపుడు ఏరియల్‌ను బోటు స్తంభముపై 9 మీటర్ల ఎత్తున కట్టినచో 38 కిలోమీటర్లగును. అంత శ్రమపడినను లాభము ఆరు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. ఎత్తు నాలుగు రెట్లు పెరిగిననే దాని వంతు దూరము రెండు రెట్లగుట ఇందులకు కారణము. అదే టవరు కొండపై 100 మీటర్ల ఎత్తున నున్నచో, 2 మీటర్ల ఎత్తుననున్న ఫోనుకు సయితము హద్దు 47 కిలోమీటర్లకు జరుగును.

ఇది అనుకూల పరిస్థితులలోని లెక్క. ఆచరణలో దూరము ఇంకను తగ్గును. టవరుపైని ఏరియళ్లు నీటివైపు గాక జనమున్న వైపునకు త్రిప్పబడి, కొంచెము క్రిందికి వంచబడి యుండును. ఫోను పంపు శక్తి వాట్‌లో అయిదవ వంతు మాత్రమే గనుక, టవరు మాట ఫోనుకు వినబడినను, ఫోను మాట టవరుకు వినబడకపోవచ్చును. సాధారణముగా తీరమునుండి 10, 12 కిలోమీటర్లు దాటిన పిమ్మట ఫోను నమ్మదగినది కాదు. బహుదినముల వేటకు పోవు బోట్లో, 50 నాటికల్ మైళ్లు, అనగా 93 కిలోమీటర్లు, ఒక్కొక్కపుడు 300 నాటికల్ మైళ్ల వరకు కూడ పోవుచుండును.

బూస్టరు చేయు పని

బూస్టరులో మూడు భాగములు గలవు: వెలుపలి ఏరియల్, మధ్యనుండు వర్ధకము, లోపలి ఏరియల్. వెలుపలిది టవరు సంకేతమును గ్రహించును. వర్ధకము దానిని బలపరచును. లోపలిది ఫోనుకు అందించును. ఫోను పలుకు మాట ఇదే దారిని తిరిగి పోవును.

ఈ బలమును డెసిబెళ్లలో కొలుతురు. 10 డెసిబెళ్లనగా పది రెట్లు, 20 అనగా నూరు రెట్లు, 60 అనగా పదిలక్షల రెట్లు. ఇంత బలము విని ఆశపడుట సహజమే. కాని ఇందు మూడు చిక్కులు గలవు.

మొదటిది: సున్నను పదిలక్షలతో గుణించినను సున్నయే. దిగంతము క్రిందికి దిగిన టవరు నుండి వెలుపలి ఏరియల్‌కు ఏమియు అందదు. మిగిలినది రొద మాత్రమే. బూస్టరు దానినే పెంచి చూపును.

రెండవది: పందిరిలో మైకును లౌడ్‌స్పీకరు ఎదుట పెట్టిన కీచుమని అరచుట అందరును ఎరిగినదే. బూస్టరు ఏరియళ్లు రెండును దగ్గరగా నున్న ఇదే జరుగును. 900 మెగాహెర్ట్జ్ వద్ద మూడు మీటర్ల ఎడము సంకేతమును సుమారు 40 డెసిబెళ్లు మాత్రమే తగ్గించును. బూస్టరు 60 డెసిబెళ్లు పెంచునట్టిదైన, పంపినది మరల చుట్టి వచ్చి అరుపుగా మారును. ఇంటికి కాంక్రీటు కప్పు అడ్డుగా నుండును. చిన్న బోటుకు అట్టి అడ్డు లేదు. మంచి యంత్రములు తమ బలమును తామే తగ్గించుకొనును. నాసిరకపువి తగ్గించుకొనవు. ఆ అరుపు టవరు చెవిని క్రమ్మి, చుట్టుపట్ల అందరి ఫోనులను చెరచును.

మూడవది: ఒకే దిక్కునకు చూచు ఏరియల్ మేడపై స్థిరముగా నిలుచును. అలలపై ఊగుచు, దిక్కు మార్చు బోటుపై అది టవరునకు గురిగా నిలువదు.

చట్టమేమి చెప్పుచున్నది?

లైసెన్సు పొందిన టెలిఫోను సంస్థలు తప్ప ఇతరులు బూస్టరును కలిగియుండుటయు, అమ్ముటయు, వాడుటయు చట్టవిరుద్ధమని కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ 2022 జూలైలో స్పష్టపరచినది. అంగడిలో దొరకినంత మాత్రమున అది అనుమతి గల వస్తువని అనుకొనరాదు.

కొండ చాటుననున్న పల్లెలో, మేడపై సంకేతముండి గదిలో లేని ఇంటికి బూస్టరు శాస్త్రరీత్యా తగినదే. అయినను దానిని సంస్థ ద్వారానే పెట్టించుకొనవలెను. ఇంటికి బ్రాడ్‌బాండు ఉన్నచో, వైఫై ద్వారా మాటలాడు సదుపాయము చాలవరకు ఆ కొరతను తీర్చును.

బోటుకు తగిన సాధనములు

తీరము వీడిన బోటుకు మొదటి తోడు వి.హెచ్.ఎఫ్. రేడియో. దీనికి సెల్ టవరు అక్కరలేదు. బోటుపై బిగించునది 25 వాట్ల వరకు శక్తిని పంపగలదు. ఇది ఫోను శక్తికి 125 రెట్లు. ఆపద వేళ పిలుచుటకు 16వ ఛానలు, అనగా 156.8 మెగాహెర్ట్జ్, ప్రపంచమంతట కేటాయింపబడినది. దీనికిని దిగంతమే హద్దు: అయిదేసి మీటర్ల ఏరియళ్లు గల రెండు బోట్ల నడుమ సుమారు 18 కిలోమీటర్లు. కాని పిలుపు ఒకరికే గాక, ఆ పరిధిలో ఆ ఛానలు వినుచున్న వారందరికిని చేరును. సాయపడగలవాడు తరచుగా ప్రక్క బోటువాడే.

అంతకు మించిన దూరమునకు ఉపగ్రహమే శరణ్యము. భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలుచు ఉపగ్రహమునకు బంగాళాఖాతమున ఏ బోటును దిగంతపు చాటున నుండదు. అంత దూరమునుండి చిన్న యంత్రముతో ధారాళముగా మాటలాడుట కష్టము. పొట్టి సందేశమును నెమ్మదిగా పంపుట సాధ్యము. గాలి హోరులో ఒక్కొక్క అక్షరమును నిలిపి పలికిన వినబడుట వంటిదే ఇది.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తోడ్పాటుతో 2019లో వెలువడిన “జెమిని” యంత్రము తుపాను హెచ్చరికలను, చేపలు దొరకు తావుల వివరములను ఉపగ్రహము ద్వారా గ్రహించి ఫోనుకు చేర్చును. కాని బోటు నుండి తిరిగి పలుకుటకు దానిలో వీలు లేదు. ఇస్రో రూపొందించిన ఆపద హెచ్చరిక యంత్రము బోటు ఉన్న తావును తీరరక్షక దళమునకు తెలుపును. 2024 జనవరిలో వెలువడిన దాని రెండవ తరము, పిలుపు అందినదని బోటుకు జవాబు కూడ ఇచ్చును. ఇరువైపుల సందేశములకు వీలు గల ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లపై ఉచితముగా అమర్చు జాతీయ పథకము 2024 ఆగస్టు 30న పాల్ఘరులో ప్రారంభమైనది.

తీరమునకు దగ్గరగా నున్నను ఫోనునే నమ్ముకొనరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖ నగరమున విద్యుత్తుతో పాటు సెల్‌ఫోనులును స్తంభించినవి. టవరే మూగవోయిన నాడు ఎంతటి బూస్టరైనను నిష్ప్రయోజనము.

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున మరపడవల వేట నిషేధింపబడును. బోట్లు రేవున నిలుచు ఆ 61 దినములే ఈ పరికరములను సరిచూచుకొనుటకు తగిన కాలము. ట్రాన్స్‌పాండరు కొరకు మత్స్యశాఖ కార్యాలయమున విచారింపవలెను. రేడియో ఏరియల్‌ను స్తంభపు కొనకు చేర్చి, తుప్పు పట్టిన కేబులును మార్చి, బ్యాటరీని పరీక్షించి, 16వ ఛానలుపై పిలుచు పద్ధతిని సరంగుతో పాటు కళాసీలందరికిని నేర్పవలెను. తీరరక్షక దళపు 1554 సంఖ్యను ఫోనులో ఉంచుకొనవలెను. టవరు కనుచూపులోనున్నంత వరకు అదియు ఉపకరించును.