కొండలోయలో బ్లూగ్రాస్ తిరునాళ్ళు

బ్లూగ్రాస్ సంగీతమును తొలిసారి వినువారిలో పలువురు, అది అమెరికా కొండపల్లెలలో తరతరములుగా జనులు పాడుకొనుచు వచ్చిన ప్రాచీన జానపదమని తలంతురు. కాని బాంజో, ఫిడేలు, మాండలిన్, గిటారు, బాస్ అను తంత్రీవాద్యములు ఒండొంటితో పందెము వైచి పరుగులిడు ఈ బాణీ, రేడియో కార్యక్రమముల కొరకై వృత్తికళాకారులు 1940వ దశకమున తీర్చిదిద్దిన ఆధునిక సృష్టి. అది నిజముగా జనుల సొత్తయినది అటుపిమ్మట, వేసవి ఉత్సవముల మూలముననే యని నా అభిప్రాయము.

కెంటకీ రాష్ట్రమున 1911లో జన్మించిన బిల్ మన్రో, మేనమామ ఫిడేలునుండియు, ఆర్నల్డ్ షుల్ట్జ్ అను నల్లజాతి గిటారు విద్వాంసునినుండియు గ్రహించిన విద్యకు తన మాండలిన్ వేగమును జోడించి, 'బ్లూగ్రాస్' అను స్వరాష్ట్రపు ముద్దుపేరునే తన బృందమునకు పెట్టుకొనెను. అయినను, 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ అను యువకుడు వచ్చి చేరి, బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఈ మూటితో బాంజోను ఎడతెగని ధారగా మ్రోగించినపిమ్మటగాని ఆ బాణీకి పూర్ణస్వరూపము సిద్ధింపలేదు. ఇందు డోలు లేదు. మాండలిన్ వాయించువాడు తంత్రులను మీటిన మరుక్షణమే వానిపై వ్రేళ్ళ పట్టు సడలించి నాదమును త్రుంచివేయగా పుట్టు 'టక్' అను చప్పుడే డోలు పని చేయును. పాలకొల్లున పుట్టిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌పై గమకములను సాగదీసిన తీరు ఎరిగిన మన చెవులకు, అదే వాద్యము ఇట్లు తెగగొట్టబడుట మొదట కొంత కటువుగా తోచును.

ఆనాటి వేదికపై మైకు ఒక్కటే యుండెడిది. వంతు వచ్చినవాడు ముందునకు జరిగి వాయించి, వెంటనే ప్రక్కకు తొలగి మరియొకరికి చోటిచ్చుచుండెను. 1954లో ఎల్విస్ ప్రెస్లీ మన్రో పాటనే ఒకదానిని క్రొత్త పోకడతో రికార్డు చేయుటతో మొదలైన రాకెన్‌రోల్ ఉప్పెనలో ఈ బృందముల గిరాకి పడిపోయెను. అట్టి గడ్డుకాలమున, 1965 సెప్టెంబరు ఆరంభమున, కార్ల్‌టన్ హేనీ అను నిర్వాహకుడు వర్జీనియాలోని ఫిన్‌కాసిల్ చెంత ఒక గుఱ్ఱపుశాల మైదానమున మూడుదినముల ఉత్సవము జరిపి, మన్రోను, ఆయనను విడిచిపోయిన పూర్వశిష్యులను ఒకే వేదిక నెక్కించెను. నేటి వేసవి ఉత్సవములకెల్ల అదియే మూలము.

వానిలో కొండల నడుమ జరుగువానికి కొలరాడోలోని టెల్యురైడ్ శిరోభూషణము. సముద్రమట్టమునకు 8,750 అడుగుల ఎత్తున, అనగా మన ఉదకమండలముకంటె వేయి అడుగులకు మించిన ఎత్తున, మూడువైపుల కొండగోడలు నిలువుగా లేచిన లోయలో, ఒకప్పుడు గనుల ఊరై వెలిగి నేడు రెండువేల పైచిలుకు జనముతో మిగిలిన ఆ పట్టణమునకు, 1974లో మొదలైన ఉత్సవమునకై ఏటేట జూన్ మాసమున దినమునకు సుమారు 10,000 మంది శ్రోతలు చేరుదురు. ఉదయము ద్వారము తెరవగానే, రాత్రినుండి వరుసలో కాచుకొన్నవారు టార్పాలిను పట్టాలు చంకబెట్టుకొని వేదిక ముందరి గడ్డిపైకి పరుగెత్తి చోటు పట్టుకొందురు; పెద్దమనుషులు సైతము ఈ పరుగునకు సిగ్గుపడరు. మధ్యాహ్నమునకు ఎండ మాడ్చును, అంతలో ఉరుములతో వాన కురియును, రాత్రికి ఉన్నిదుస్తులు లేనిదే కూర్చుండలేము. ఆ పొడిగాలికి కొయ్యవాద్యముల శ్రుతి మాటిమాటికి జారుచుండుటచే కళాకారులు పాటపాటకు మరలు త్రిప్పుచుందురు.

అయినను ఉత్సవపు ప్రాణము వేదికపై లేదు. గుడారముల నడుమ నున్నది. చీకటి పడినపిమ్మట నలుగురైదుగురు వలయముగా నిలిచినచో ఒకడు పాట పేరును, శ్రుతిని చెప్పును, అంతే, కాగితముండదు, అభ్యాసముండదు. ఒకడు వాయించునప్పుడు తక్కినవారు తమ వాద్యముల నాదమును తగ్గింతురు, తలయూపుతో వంతు ప్రక్కవానికి పోవును, పాట ముగియవలసిన తరుణమున నాయకుడు ఒక కాలు పైకెత్తి చూపును. క్రొత్తవారు వలయమునకు వెలుపల నిలిచి, గిటారు వాయించువాని ఎడమచేతిని కనిపెట్టుచు మెల్లగా శ్రుతి కలుపుదురు. ఒక్క మైకు ముందు వృత్తికళాకారులు అలవరచుకొనిన మర్యాదయే ఇచట వడ్రంగికి, ఉపాధ్యాయురాలికి, బడిపిల్లవానికి అబ్బినది.

టెల్యురైడ్ వేదికపై ఇతర బాణీలవారిని సైతము పాడనిత్తురని సంప్రదాయవాదులు సణుగుదురు. 1975 మొదలు అచట వాయించుచున్న సామ్ బుష్ రాక్ పోకడలను నిస్సంకోచముగా కలుపుకొన్నవాడే. మన్రో సైతము తన కాలమున దొరికినదెల్ల కలిపినవాడే గనుక ఆ సణుగుడునకు నేను విలువనీయజాలను.

డెన్వరు ప్రాంతమున బిడ్డలున్న మన పెద్దలకు ఒక మాట. టెల్యురైడ్ అచటినుండి కారులో ఆరేడు గంటల ప్రయాణము. అంత ఓపిక లేనివారికి, గంట దూరముననున్న లయన్స్ అను ఊర జులై నెలాఖరున రాకీగ్రాస్ ఉత్సవము జరుగును. 1973లో ప్రారంభమైన దీనియందు సంప్రదాయ బాణీకే పెద్దపీట. టికెట్లు నెలలముందే అమ్ముడుపోవును గనుక, శీతకాలముననే విచారించి కొనుట మేలు.